నూకరత్నం పొయ్యి బూడిద

2022 జనవరి. అండమాన్‌లోని మాయాబందర్ చుట్టుపక్కల కూరగాయల మళ్ళు చూసి, మట్టి పరీక్ష చేసి, ఏం వెయ్యాలో చెప్పడం నా ఉద్యోగం. పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో. అడిగీ అడగకముందే సలహా ఇచ్చేసే రోగం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఆ రోగం ఒక్క దెబ్బతో కుదిరింది. ఎలా కుదిరిందో చెబుతాను.

నూకరత్నం జాలరి ఇల్లాలు. భర్త గురయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఇక వల లాగలేడు. పక్కనున్న బెంగాలీ ఆసామి తన దొడ్డిలో కొంత చోటు చూపించి, "ఒక్క పంట చూస్తాను, పండితే వచ్చే ఏడూ నువ్వే చేసుకో" అన్నాడట. ఆ ఇంటికి ఉన్న ఆధారం ఇక అదొక్కటే.

"మా వంశంలో ఎవులూ మట్టి ముట్టలేదు దీదీ. ఏటెయ్యాలో నువ్వే సెప్పాల" అంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. అయినా ఇక్కడ ఆఫీసు ఆడవాళ్ళంతా అందరికీ దీదీలే, అంటే అక్కలే.

మట్టి పీహెచ్ తక్కువగా వచ్చింది, అంటే పులుపు మట్టి. ఇక్కడి వానలకు చాలా చోట్ల అంతే. దానికి విరుగుడు సున్నం. అది షిప్ మీద రావాలి, ఆ నెల రాలేదు.

"బూడిద చల్లు. పులుపు విరుగుతుంది, మొక్కకు పొటాష్ ఎరువు కూడా అందుతుంది" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగింది. "మా పొయ్యిలో బూడిదేనా దీదీ?"

"ఎవరింట్లోదైనా బూడిద బూడిదే కదా."

మిరప, బెండ ముచ్చటగా లేచాయి. మూడు వారాలకు ఆకుల అంచులు మాడడం మొదలైంది. అంచు మాడితే పొటాష్ తక్కువని మేం చదువుకున్న మొదటి పాఠం. "ఇంకో గంప వెయ్యి" అన్నాను. భార్యాభర్తలిద్దరూ కలిసి వేశారు, గురయ్య ఎడమచేత్తోనే చల్లాడట. వారం తిరక్కుండా మడంతా తలవాల్చేసింది.

కబురందుకుని వెళ్ళేసరికి నూకరత్నం గట్టు మీద కూర్చుని ఉంది. "సముద్రపోళ్ళకి మట్టి అచ్చిరాదని మా ఆయన సెప్తానే ఉన్నాడు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా చాయ్ తాగి వెళ్ళమని లోపలికి పిలిచింది.

పొయ్యిలో మంట నీలంగా, పచ్చగా మెరుస్తోంది. పొగ గొంతు పట్టేసింది. తల ఎత్తి చూస్తే, సరిగ్గా పొయ్యికి పైనున్న రేకు తుప్పు తినేసి జల్లెడైపోయింది. దాని పక్క రేకు మాత్రం బాగానే ఉంది.

"ఈ రేకు ఎప్పటిది పిన్నీ?"

"పోయినేడే ఏసినాం. మా పొగకి రేకు నిలవదు."

"ఏం కట్టె ఇది?"

"బీచ్ కట్టె. గాలివానకి కొట్టుకొచ్చిన దుంగలు. జంగిల్‌లో కొడితే ఫారెస్టోళ్ళు ఊరుకుంటారేటి?"

చాయ్ పక్కన పెట్టేశాను. నెలల తరబడి సముద్రంలో నానిన కట్టె అది. కాలితే కట్టె పోతుంది గానీ ఉప్పు పోదు. కొంత పొగలో లేచి రేకును తింటుంది, మిగిలింది బూడిదలో ఉండిపోతుంది. కాస్త బూడిద నీళ్ళలో కలిపి ఈసీ మీటర్ ముంచాను. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం అది. ఉప్పు దాని కొలతకు మించిపోయి, అంకె చూపించడం దాని వల్ల కాలేదు.

"ఇందులో అంతా ఉప్పే పిన్నీ."

"ఉంటాది. సేప తోమినప్పుడు జారకుండా సేతికి ఈ బూడిదే రాస్తాం. ఏలు తెగితే సుర్రుమంటాది. నాకు తెల్దా?"

"తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

"అడిగేను కదా దీదీ, మా పొయ్యిలో బూడిదేనా అని. సదువుకున్నదానివి, తెలిసే సెప్పేవనుకున్నాను."

సిగ్గుతో నా తల వాలిపోయింది. తప్పు నాదేనని ఆ ఇద్దరితో చెప్పాను. ఆసామి ఇంటికి కూడా వెళ్ళి అదే మాట చెప్పాను. ఆయన "బారిష్ తక్ దేఖ్తే హై" అన్నాడు, వానల దాకా చూద్దామని.

మే నెలాఖరుకి వానలొచ్చాయి. ఉప్పు కడిగి బయటికి పోయేలా మడుల చుట్టూ నేనూ నూకరత్నమూ కాలువలు తీశాం. జూన్‌లో ఒకరోజు నేను సంచిలోంచి మీటర్ తీస్తుండగానే ఆమె వంగి, చిటికెడు మట్టి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసింది.

"ఉప్పు నేదు. ఇప్పుడు నాటొచ్చు."

తర్వాత మీటర్ పెట్టి చూశాను. అదీ ఆ మాటే చెప్పింది.

ఈసారి నాటిన మిరప బాగా కాసింది. ఆసామి మరుసటి ఏడూ ఆ చోటు వాళ్ళకే వదిలేశాడు. నేను మాత్రం అప్పట్నుంచి ఎవరింటికి వెళ్ళినా ముందు పొయ్యి చూసి, తర్వాతే మట్టి ముట్టుకుంటున్నాను. సలహా విన్నవాళ్ళు "మాదేనా దీదీ?" అని ఒక్క క్షణం ఆగితే, నేనూ ఆగి "ఏం, ఎందుకలా అడిగావు?" అంటున్నాను.