అమ్మడానికి కాచిన సారా

గని మూతపడ్డాక వచ్చే పింఛనుతో కొట్లో సీసా కొనలేక, స్తామెన్ ఆరేళ్లుగా నేదా వంటింటి గుమ్మంలోనే సారా కొనుక్కుంటున్నాడు. ఆమె, గనిలో చనిపోయిన అతని స్నేహితుడి భార్య. "మన పెరటి ద్రాక్షతో కాచిందే తమ్ముడూ," అంటూ నీళ్ల బాటిల్లో పోసిచ్చేది. ఆ మాట నమ్మి రోజూ తాగాడు.

ఆమె కొడుకు పెళ్లి విందులో స్తామెన్ ప్రేమగా తన బాటిల్ తీసి పెళ్లికొడుకు గ్లాసులో పోశాడు. నేదా పరుగున వచ్చి గ్లాసు లాక్కుంది.

"వాడికి పొయ్యకు! అది అమ్మేది," అంది చెవిలో. "రంగుల్లో వాడే స్పిరిట్ కలిపాను."

"మరి నాకెట్లా పోశావక్కా?"

"నువ్వు ఏదిచ్చినా తాగేవాడివేగా!"

స్తామెన్ లేచి, ఆమె దగ్గరే కొనుక్కునే పాత గనివాళ్లు కూర్చున్న బల్ల వైపు నడిచాడు.