నాన్నగారు వేసిన తాళం

అమ్మ పోయాక నాన్నగారు ద్రాక్షారామంలో పౌరోహిత్యం మానుకుని, రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చేశారు. వస్తూ వస్తూ ఒక పాత ఫోన్ తెచ్చుకున్నారు. అందులో అమ్మ గొంతు ఉంది. చివరి రోజుల్లో ఆవిడతో ఆడిన మాటలన్నీ రికార్డు చేసుకున్నారట. కూర తరుగుతూ ఆయన్ని దెప్పడం, చుట్టాల్ని ఆడిపోసుకోవడం, అన్నీను.

ఆ ఫోన్ ఇవాళో రేపో అన్నట్టుంది. ఆన్‌లైన్‌లో దాచేద్దామన్నాను.

"అమ్మో, ఊరంతా వినదూ?"

"తాళం వేసే దాద్దామండి" అన్నాను. సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం.

లాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, ఆన్‌లైన్ స్టోరేజీని దానికి తగిలించి, అందులో ఒక పెద్ద ఖాళీ ఫైలు చేశాను. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం వేసే కమాండ్ కొడితే పాస్‌వర్డ్ అడిగింది. మీరు మర్చిపోనిది, ఇంకెవరికీ తెలియనిది కొట్టండి అన్నాను. ఆయన నన్ను అటు తిరగమన్నారు. గురువుగారు చెవిలో ఉపదేశించిన మంత్రం కొట్టారట, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ. పాస్‌వర్డ్ కాబట్టి తెరమీద ఒక్క అక్షరమూ పడలేదు.

"చూశావా, దీనికీ మర్యాద తెలుసు" అని మురిసిపోయారు.

ఆ ఫైలు లోపల ఫైళ్లు పెట్టుకునే అరల్లా ఫైల్ సిస్టమ్ తయారుచేసి, రికార్డులన్నీ అందులో సర్దాను. ఆ మంత్రం లేకుండా నేనైనా తెరవలేనని, అదే తాళానికి నా పాస్‌వర్డ్ కూడా ఒకటి పెడతానంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఎందుకమ్మా? నీకూ ఉపదేశం ఇస్తాగా. మంచిరోజు చూస్తాను, తలారా స్నానం చేసొచ్చి కూర్చో, చాలు."

మంచిరోజులు చాలానే వచ్చాయి. ప్రతిసారీ నాకు ఆఫీసు కాల్ ఏదో ఒకటి అడ్డం పడేది. ఆయన వినాలనుకున్నప్పుడల్లా కమాండ్ నేను కొట్టేదాన్ని, మంత్రం ఆయన కొట్టుకునేవారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముసిముసిగా నవ్వుకునేవారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఈలోగా ఆ పాత ఫోన్ కూడా పూర్తిగా పాడైపోయింది.

ఊపిరాడక ఆయన్ని హాస్పిటల్లో చేర్చినప్పుడు, నా చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, ఇప్పుడు చెప్పేయండి నాన్నగారూ అన్నాను. ఆయన మంచాన్నీ, చుట్టూ ఉన్న గొట్టాలనీ చూశారు.

"స్నానం లేదు, మడి లేదు. ఇక్కడెలా చెప్పనమ్మా? ఇంటికెళ్లాక."

నేను గట్టిగా అడగలేదు. అడిగితే ఇంక ఇంటికి రారని ఒప్పుకున్నట్టే అవుతుందని భయం. సరేనండి, ఇంటికెళ్లాకే అన్నాను. ఆయన ఇంటికి రాలేదు. ఆ మంత్రం తెలిసిన గురువుగారూ ఎప్పుడో పోయారు.

మొన్న మళ్లీ ఆ కమాండ్ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగే చోట ఊరికే కూర్చున్నాను. ఇన్నాళ్లూ అమ్మ గొంతు పోయిందనే ఏడ్చాను. అమ్మను మాట్లాడించింది ఆయనే కదా, ఆయన గొంతూ అందులోనే ఉందని అప్పుడు తట్టింది. నాన్నగారి గొంతు నేనెప్పుడూ రికార్డు చేయలేదు. ఇంట్లోనే ఉన్నారు కదా అనుకున్నాను.