నేనెంచిన పాత రైఫిల్

జీవితంలో నేను ముట్టుకున్న మొదటి తుపాకీని మాజీ సైనికుడి హోదాలో ముట్టుకున్నాను. సిగ్గుచేటైన మాటే, కానీ నిజం. వీసా తొందరగా వస్తుందని మా జగిత్యాల ఏజెంటు నా కాగితాల్లో ఎనిమిదేళ్ళ సైన్యం అనుభవం రాయించాడు. మా వైపు ఇదేమీ వింత కాదు. ఇటుక పేర్చడం రానివాడు మేస్త్రీగా విమానమెక్కుతాడు, దిగాక ఎవరో ఒకరు పని నేర్పుతారు. నేను అప్పటిదాకా ట్రాక్టర్ తోలినవాణ్ణి. ఖతర్‌లో దిగి, అల్ షహానియా దగ్గర ఒక ఒంటెల ఫారానికి కాపలాదారునయ్యాను.

మా యజమానిని అందరం కఫీల్ అనేవాళ్ళం. ఆయన నన్ను మొదటి రోజు నుంచే "అస్కరీ" అని పిలిచాడు. అంటే సైనికుడు. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఇంకెవరినో పిలిచారేమోనని వెనక్కి చూసేవాణ్ణి. కొన్నాళ్ళకు అదీ అలవాటైంది.

ఆ ఫారంలో తెలుగు మాట్లాడే మనిషి నాకు ఒక్కడే, వంటమనిషి. గోదావరి జిల్లావాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అక్కడి సెలవు రోజైన శుక్రవారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చి మధ్యాహ్నం అందరికీ బిర్యానీ దించేవాడు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చునేవాడు. సొంత అన్న కూడా అంత చేయడు.

ఒక గురువారం సాయంత్రం కఫీల్ స్నేహితుడు రెండు రైఫిళ్ళు తెచ్చాడు. రెండూ వాడినవే, రెండూ సెమీ ఆటోమేటిక్, రెండింటికీ కాగితాలున్నాయి. కఫీల్ ఒకటే కొంటాడట. పికప్ బానెట్ మీద దుప్పటి పరిచి రెండూ పక్కపక్కన పెట్టారు. ఒకటి పాతది. భుజానికి ఆనించే కర్ర మడమ, చేతులు తగిలి తగిలి నునుపెక్కింది, బరువు బాగా ఉంది. రెండోది ఈమధ్యది. నల్లని ప్లాస్టిక్ ఒళ్ళు, పైన దుర్బీను, ఎత్తితే తేలిక.

"అస్కరీ, నువ్వు చూడు. రేపు చెప్పు. నీ మాటే నా మాట," అన్నాడు కఫీల్.

ఏం చూడాలో నాకు తెలియదు. అయినా పెద్ద తెలిసినవాడిలా కొత్తదాని బోల్ట్, అదే తూటాను లోపలికి తోసే కడ్డీని, లాగాను. వెన్నలా జారింది. పాతదాన్ని లాగాను. సగంలో పట్టేసింది. గట్టిగా గుంజితే వచ్చింది. వేలికి నల్లగా, మైనంలా ఎండిపోయిన గ్రీజు అంటింది. అది మంచిది కాదని ట్రాక్టర్ తోలిన చెయ్యి నాకు ఆ క్షణమే చెప్పింది. విప్పి చూడమని అంటారేమోనని భయపడి, ఆ వేలిని ప్యాంటుకు తుడిచేసుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళి కూర్చుంటే వంటమనిషి అడిగాడు. "ఏంటి తమ్ముడూ, మొహం అలా ఉంది? తెలీకపోతే తెలీదని చెప్పెయ్యి. తుపాకీతో ఆటలేంటి?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ గంటె సంగతి నువ్వు చూసుకో అన్నా! నా డ్యూటీ నాకు ఎర్కనే," అన్నాను. ఆయన పొయ్యి దగ్గరికి తిరిగి ఉల్లిపాయలు వేయించసాగాడు.

మర్నాడు నేను పాతదే తీసుకోమన్నాను. కారణం కూడా చెప్పాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. పాత ట్రాక్టర్లలో ఉన్న ఇనుము కొత్తవాటిలో ఉండదు కదా, తుపాకీ కూడా అంతేననుకున్నాను; పట్టేయడం వాడుతుంటే అదే పోతుందని సర్దిచెప్పుకున్నాను. కఫీల్ నా భుజం తట్టాడు. ఆ పూట దుమ్ముగాలి లేచింది. ఒంటెలన్నీ కంచెకు ఒక మూలకు చేరి, ఎంత అదిలించినా కదల్లేదు. నాకు మాత్రం ఎవరైనా వచ్చి ఈ బేరం చెడగొడితే బాగుండునని ఉంది. ఎవరూ రాలేదు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఫారం వెనక ఇసుక దిబ్బ ముందు డబ్బాలు నిలబెట్టారు. వంటమనిషి ఖర్జూరాలు, కూజాలో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పట్టుకొచ్చాడు. కఫీల్‌కు కుడిపక్క నాలుగడుగుల దూరంలో ఆగి నావైపు చూశాడు.

"తమ్ముడూ, ఇక్కడ నిలబడొచ్చా? నువ్వు బాగా చూశావు కదా?"

"నిలబడన్నా, ఏం గాదు. నేను జూసిన గదా!"

కఫీల్ తూటాలు పెట్టి, గొట్టం నేలవైపు వంచి బోల్ట్ వదిలాడు. వేలు ట్రిగ్గర్ మీద లేదు, నా కళ్ళతో చూశాను. బోల్ట్ మూసుకోగానే తుపాకీ పేలింది. అదిరిపడి ఆయన చేతులు పక్కకు తిరిగాయి, రెండో తూటా కూడా దానంతటదే పేలింది. గహ్వా కూజా ఎగిరిపడింది. వంటమనిషి "యేసయ్యా!" అంటూ మోకాలు పట్టుకుని కూలిపోయాడు.

ఎండిన గ్రీజులో తూటాను కొట్టే పిన్ను ముందుకు పొడుచుకుని ఇరుక్కుపోయిందని, అందుకే బోల్ట్ తగలగానే తూటా పేలిందని పోలీసు అధికారి తర్వాత చెప్పాడు. "విప్పి కడిగితే సరిపోయేది. మిలటరీవాడివి, ఇంత చిన్న సంగతి నీకు తెలియదా?" అని అడిగాడు. మింగలేను, కక్కలేను.

ఆస్పత్రిలో వంటమనిషి కాలు మోకాలి పైదాకా తీసేశారు. నాలుగో రోజున వెళ్ళాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. మంచం పక్కన నిలబడి, ఉన్నదంతా కక్కేశాను. "నేను మిలటరీ గాదన్నా. తుపాకీ ముట్టుడే అదే మొదటిసారి. అది పట్టేస్తుందని గూడ నాకు ఎర్కనే. జెప్పలేదు."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు మిలటరీ కాదని నాకు ఎప్పుడో తెలుసు తమ్ముడూ," అన్నాడు. "నేను అక్కడ నిలబడింది మిలటరీవాడు చెప్పాడని కాదు. నువ్వు చూశానన్నావని."

ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, నర్సును పిలవమన్నాడు.