వకీలమ్మ కారు వణుకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది, నాకేమీ తెలియదన్నది. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చిన వారానికే నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక కార్ల రిపేరు షెడ్డులో చేరాను. (ఆడపిల్ల గ్రీజు చేతులతో ఇంటికొస్తోందని అమ్మ గుమ్మంలోనే సబ్బు పట్టుకుని నిలబడేది.) షెడ్డు నడిపే మా ఉస్తాద్ ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి. నేను మొదటి రోజే నా కొత్త మీటరును, నడుస్తున్న బండి బ్యాటరీకి ఆనించి, ఇందులో కరెంటే లేదని ప్రకటించాను. మీటరు ఇంటి కరెంటు కొలిచే వైపు తిప్పి ఉందని చూసుకోలేదు. ఉస్తాద్ నిదానంగా, "మరి బండి దేనిమీద నడుస్తుంది బిడ్డా, నీ సర్టిఫికెట్ మీదనా?" అన్నాడు.

మూడు నెలలు చూసి ఉంచేదీ పంపేదీ చెప్తానన్నాడు. ఆ గడువుకింకా నాలుగు రోజులున్నాయనగా వకీలమ్మ కారు మూడోసారి వచ్చింది. ఆవిడ అబిడ్స్ నుంచి నాంపల్లి కోర్టుకు రోజూ అందులోనే వచ్చే పెద్దావిడ. ఎక్కడైనా ఆగితే చాలు, కారు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మూడో సిలిండరు పనిచేయడం లేదని ఉస్తాద్ మొదటిసారే పట్టాడు. ప్లగ్గు మార్చాడు. తర్వాత ఆ సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరే కొత్తది వేశాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే వణుకు. "మీతోని కాకుంటె చెప్పున్రి, వేరేకాడ చూపిస్త" అంది వకీలమ్మ. ఉస్తాద్ తల దించుకోవడం అప్పుడే చూశాను. నేను చూస్తానని నోరుజారాను. ఎవరూ నవ్వలేదు. (దాంతో భయం ఇంకా పెరిగింది.)

ఇంజెక్టరు తెరుచుకోవాలంటే కారులోని కంప్యూటరు నుంచి దానికి కరెంటు ఆగి ఆగి అందాలి. అది అందడం లేదేమోనని, ఇంజెక్టరుకు వెళ్లే వైరు కొసనున్న కప్లర్ ఊడదీసి, దానికి చిన్న లైటు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేయమన్నాను. లైటు చక్కగా మినుకుమినుకుమంది. అంటే కరెంటు వస్తోంది, నా ఊహ తప్పు. ఉస్తాద్ ఇక చాలన్నట్టు చేతులు తుడుచుకున్నాడు. ఏం చేయాలో తోచక వైరును వేలితో కదిపాను. లైటు ఆరిపోయింది. వదిలితే వెలిగింది. టేపు విప్పి, వైరు కోసి చూస్తే, పై తొడుగు చెక్కుచెదరలేదు కానీ లోపలి రాగితీగ తెగి, కొసలు తాకీ తాకనట్టు ఉన్నాయి. ప్లగ్గో ఇంజెక్టరో మార్చిన ప్రతిసారీ వైరు కదిలి రెండ్రోజులు అతుక్కునేవన్నమాట. ఉస్తాద్ వంగి చూసి, వకీలమ్మకు వినపడేట్టు, "ఔ, ఇంజెక్టర్ది తప్పేం లేదు. నాదే. గీ పిల్ల పట్టింది" అన్నాడు. మూడు నెలల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తీగ అతికించాక, వకీలమ్మను పక్కన కూచోబెట్టుకుని అబిడ్స్ దాకా నేనే నడిపాను. ఆగినప్పుడే కదా తెలిసేది! అందుకని ప్రతి కూడలిలో ఎర్ర లైటు పడాలని మొక్కుకున్నాను. (హైదరాబాదులో ఆ మొక్కు మొక్కింది బహుశా నేనొక్కదాన్నే.) పడింది. కారు పసిపాపలా నిద్రపోతున్నట్టుంది. మురిపెంగా వింటూ ఉండిపోయాను. వెనక హారన్లు మోగుతున్నాయి. "పచ్చగయ్యింది బిడ్డా, ఇగ పోనియ్" అంది వకీలమ్మ.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది, ఎర్ర లైటు పడితే అందరిలాగే విసుక్కుంటాను. అబిడ్స్‌లో ఆగినప్పుడు మాత్రం, పక్క స్కూటరాయన వకీలమ్మ కారు నిశ్శబ్దాన్ని మెచ్చుకుంటాడేమోనని ఆ రోజు అద్దం దించి ఎదురుచూసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పాపం, ఆయన అటు చూడనైనా చూడలేదు.