రుమాలయ్యకు విషమెక్కిన రోజు

సత్యం, బాగున్నావా? ఆ వీడియో గేమ్ గుర్తుందా అని నువ్వు అడిగి నెల దాటింది... పత్తి విత్తనాల సీజన్, దుకాణంలో తల ఎత్తే తీరిక లేదు, ఏమీ అనుకోకు. మిగతా మిత్రులకూ అర్థమయ్యేలా మొదటి నుంచి ఇక్కడే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... తొంభైల్లో, ఎండాకాలం సెలవులు. ఆదిలాబాద్‌లో సత్యం వాళ్ళింట్లో టీవీ ముందు ముగ్గురం... నేను, సత్యం, వాడి చెల్లెలు సుజాత. వాళ్ళ మేనమామ దుబాయి నుంచి తెచ్చిన వీడియో గేమ్. చదరంగంలా గళ్ళు, గళ్ళల్లో సిపాయిలు. ఒక వంతు మనది, ఒక వంతు శత్రువులది. తెర మీద రాతంతా జపాను భాష... అంకెలు తప్ప ఒక్క ముక్క తెలియదు.

ఎర్ర తలపాగా చుట్టుకున్న విలుకాడికి సుజాత రుమాలయ్య అని పేరు పెట్టింది. వంతెన మీద ఎగిరే గద్దలను కొట్టగలిగేది అతనొక్కడే. చచ్చిన సిపాయి మళ్ళీ రాడు. అతను పోతే వంతెన దాటలేం, ఆట మొదటికి వస్తుంది... అప్పటికే మూడుసార్లు అలాగే పోగొట్టుకున్నాం.

ఆ రోజు వంతెన పక్క బురదలో పాము అతన్ని కరిచింది. మన సిపాయిలంతా నీలం రంగు, అతను మాత్రం పచ్చబడ్డాడు. ఎవరూ కొట్టకపోయినా వంతు వంతుకీ ప్రాణం మూడేసి తగ్గుతోంది. ఎలా ఆపాలో తెలియదు.

వెనక చేటలో బియ్యం ఏరుతున్న వాళ్ళ అవ్వ చూసింది. "పాము కరిసినోన్ని నిలవెడ్తరార? నిద్రవట్టకుండ నడిపియ్యాలె."

మా దగ్గర అప్పుడు అదే పద్ధతి. నడిపించాం... ఆ బురద గళ్ళలోనే, అటూ ఇటూ. ఇరవై రెండు... పంతొమ్మిది... పదహారు...

"ఇంక జర నడిపిద్దాం," అన్నాడు సత్యం.

ఏడుకి వచ్చేసరికి సుజాత అందుకుంది. "అన్నా, పాము కరిసింది ఒక్కపారే. గా బురదల కాలు వెట్టినప్పుడల్ల మల్ల బుడగలు లేస్తున్నయ్, సూస్తలేవా? గా రాయి మీద నిలవెట్టు, కదిలియ్యకు."

"నువ్వేమన్న డాక్టరువా?"

"మరి అవ్వ డాక్టరా?"

"దీని నోరు సల్లగుండ," అని అవ్వ నవ్వింది.

రాతి గడిలో నిలబెట్టాం. నాలుగు. మళ్ళీ కదిలించలేదు. ఒకటి. సత్యం వేలు బటన్ మీదే ఆగింది. చేటలో అవ్వ చెయ్యీ ఆగింది.

నొక్కాడు... ఒకటి ఒకటిలాగే ఉంది. రుమాలయ్య నీలం రంగుకు తిరిగాడు.

ఇక వంతెన సంగతే మరిచిపోయాం. గొడ్డలి సిపాయిని కావాలనే బురదలో దించి లెక్క చూశాం. బురద వదిలాక విషం రెండు వంతులే పనిచేస్తుంది, మళ్ళీ కాలు పెడితే లెక్క మొదటికి. సుజాత నోట్‌బుక్కు చివరి పేజీలో రాసుకుంది.

చాలా ఏళ్ళకు, మా దుకాణం ముందు ఒక డాక్టరు రైతులకు చెబుతున్నాడు... పాము కరిస్తే నడిపించొద్దు, కదలనివ్వకుండా దవాఖానకు తీసుకురండి అని. నాకు రుమాలయ్యే కళ్ళ ముందుకొచ్చాడు. అప్పటినుంచి పురుగుమందు కొనే ప్రతి రైతుకూ ఆ మాట చెప్పే పంపుతున్నాను.

మా అబ్బాయి ఫోన్ ఆటలో విషమెక్కితే ఎన్ని వంతులో తల మీదే అంకె పడుతుంది... కనిపెట్టే పనే లేదు. మీరు ఏ ఆటలో ఏ గుట్టు కనిపెట్టారో రాయండి.

సత్యం, సుజాత ఆ నోట్‌బుక్కు ఇంకా దాచుకునే ఉందట... ముగ్గురం ఎప్పుడు కలుద్దాం?