గడప లోపల చెల్లని పేరు

మొన్న మా మనవరాలు ఫోన్ యాప్ ఒకటి తయారుచేస్తూ, బటన్ నొక్కితే స్క్రీన్ మీది పేరు మారాలి, ఎంత నొక్కినా పాతదే కనబడుతోందని పొద్దుటి నుంచి తల పట్టుకుని కూర్చుంది. చివరికి తప్పు దొరికి, నాకూ చెప్పింది. "అవ్వా, ప్రోగ్రాంలో ఈ బ్రాకెట్లు గోడలనుకో. లోపల పెట్టిన పేరు బయటికి తెలీదు. బయట అదే పేరున్నా, లోపల ఉన్నంతసేపు లోపలిదే చెల్లుద్ది. నేను లోపలిదాన్ని మార్చి, బయటిది మారలేదని ఏడుస్తా ఉండా. దీన్నే స్కోప్ అంటారు." బడిలో నేను నేర్చింది తక్కువే అయినా ఇది వెంటనే అర్థమైంది, ఎందుకంటే అటువంటి గోడల మధ్యే నేను కాపురం చేశాను.

నా పేరు రత్నమ్మ. మా అత్త పేరూ అదే. బేస్తవారిపేట నుంచి మార్కాపురానికి కాపురానికొచ్చిన రోజే, చర్చి వాళ్ళందరి ముందూ ఆమె తేల్చేసింది. "ఈ గడప లోపల ఆ పేరు నాది. బయట నీ ఇష్టం." అత్త పేరున్న కోడలిని వేరే ముద్దుపేరుతో పిలుచుకోవడం నా ఈడు వాళ్ళకు తెలిసిందే, నాకు ఆ ముద్దుపేరు కూడా దక్కలేదు, ఒసే అన్నదే నా పేరయింది. మా నాయన చూడవచ్చి, నడవలో కూర్చుని, అలవాటు కొద్దీ "రత్నమ్మా" అని పిలిస్తే, అత్త వంటింట్లోంచి ఊడిపడి, "నన్ను పేరు పెట్టి పిలిచే మొగోడివా నువ్వు?" అంది. ఆయన మంచినీళ్ళైనా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అప్పుడే ఆమె మాటను గట్టిగా పట్టుకున్నాను: గడప లోపల.

మేకల దొడ్డి గడప బయట ఉంది. ఊరందరి కంచెల్లో దూరి తిట్లు తెచ్చే దొంగమేక ఒకటుంటే, దానికి రత్నమ్మ అని పేరు పెట్టాను. అత్త గడప లోపల కూర్చుని టీ తాగుతుంటే, దొడ్డిలో నేను అందుకునేదాన్ని. "ఏమే రత్నమ్మా, ముసిలిదానివైనా నీ నోటికి అదుపు లేదా? పక్కింటోళ్ళ చిక్కుడు పాదు నీ అబ్బ సొమ్మా?" పక్కింటి వదిన గోడ మీదుగా తొంగిచూసి, "ఎవురినొదినా, అంత ముద్దుగా తిడతుండావు?" అంటే, "మేకనే వదినా, ఇంట్లోవాళ్ళను అట్ల అంటానా?" అనేదాన్ని. తన మాటను తానే కాదనలేక, అత్త టీ గ్లాసు ఠక్కున కింద పెట్టేది. మా ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు.

తట్టుకోలేక ఒకనాడు అత్తే దిగివచ్చింది. "మేకను తిట్టమాకు. ఇంట్లో నీ పేరుతోనే పిలుస్తాలే." "లోపల అది నీదే గదా అత్తా" అని నేను ఒప్పుకోలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఆ పేరుకు పలకలేదు. ఆ మేక పోతే ఆ పేరు ఇంకో మేకకు పెట్టాను.

పోయినవాళ్ళ మీద పగ ఉంచుకోకూడదని పాస్టరు గారు చెబుతుంటారు, నేను ఉంచుకున్నాను. ఇప్పుడు ఇళ్ళలో ఆ కట్టుబాట్లు లేవు, నా కోడలిని ఇంటా బయటా ఒకే పేరుతో పిలుస్తాం, మంచిదే. నన్నూ చర్చి వాళ్ళు నడింట్లో నిలబడి రత్నమ్మ అనే పిలుస్తున్నారు. కానీ ఆ పిలుపు విని లోపల పళ్ళు కొరికే మనిషి లేకపోయాక, అందులో రుచి పోయింది.