రోజత్తకు వేయాల్సిన సున్నం

తడిసిన సున్నం వాసన తగిలితే చాలు, నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు ఆ వాసన దొరకడమే గగనం. ఎక్కడ చూసినా డబ్బాల రంగులూ, ముక్కు మండించే ఘాటూ. నిన్న మా వీధి చివర ఒక పాత ఇంటి గోడకు ఎవరో సున్నం కొడుతుంటే, కూరగాయల సంచీతో పిచ్చిదానిలా చాలాసేపు నిలబడిపోయాను.

ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట మా ఊరు. నన్ను కన్న రోజే మా అమ్మ చనిపోయింది. పెంచింది నాయన చెల్లెలు రోజత్త. పెళ్ళి చేసుకోలేదు, మిషన్ బడిలో పంతులమ్మగా చేసేది. వానలు వెనకపట్టి, పొద్దున పూట చలి మొదలై, అడవి నుంచి గంపలకొద్దీ సీతాఫలాలు దిగే రోజుల్లో సమాధుల పండుగ వచ్చేది. ముందురోజు అత్త కుండలో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోస్తే అవి బుసబుసా పొంగి కుతకుతలాడేవి, దగ్గరికి పోతే నా వీపు విమానం మోత మోగేది. చల్లారాక చిటికెడు నీలిమందు కలిపి, ఈతమట్ట కొసను రాయితో నలగ్గొట్టి కుంచె చేసి, ఇద్దరం అమ్మ సమాధికి సున్నం వేసేవాళ్ళం. పైభాగం అత్తది, చుట్టూ కింద నాది. ఆ తర్వాత బంతిపూలు పరిచి, కొవ్వొత్తి వెలిగించి, నిప్పుల్లో కాల్చిన సీతాఫలాలు అక్కడే కూర్చుని తినేవాళ్ళం. అమ్మ ముఖం నాకు తెలియదు. నాకు తెలిసిన అమ్మంటే ఆ తెల్లటి గద్దె, పక్కన కూర్చుని గింజలు ఉమ్మే అత్త.

"నేను పోతే నాకు గూడ నువ్వే సున్నమెయ్యాలె. గిట్ల మరకలు చేసినవనుకో, లేచొచ్చి చెవి పిండుత" అంది ఒకసారి.

"నువ్వేడికీ పోవు" అన్నాను.

నేను ఐదో తరగతిలో ఉండగా, టాంజానియాలో ఒక ఆడపిల్లల బడికి టీచర్లు కావాలనీ, జీతం లేదు, తిండీ వసతీ మాత్రమేననీ మా గుడి ఫాదరు చెప్పాడు. అత్త పోతానంది. నాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఇంట్ల ఉన్న ఆడపిల్ల కనబడుత లేదా నీకు?"

"దీనికి నువ్వున్నవ్ గద అన్నా. ఆడ చెప్పేటోళ్ళే లేరంట. రెండేండ్లల్ల వస్త" అంది అత్త, నా వంక చూడకుండా.

ఖమ్మం స్టేషన్లో అత్త కొంగు పట్టుకుని వదల్లేదు నేను. నాయన నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

ఆ ఏటి పండుగకు కింది భాగమే వేశాను.

"ఏందే, సగమే ఏసినవ్?" అన్నాడు నాయన.

"పైది అత్తది. వచ్చి ఏస్తది."

మరుసటి ఏడూ అంతే. ఆ పైన వానల్లో ఒక సాయంత్రం ఫాదరు తడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. అత్తకు విషజ్వరం వచ్చిందట, అక్కడే బడి వెనక మట్టి చేశారట. నాయన గడపలో కూర్చుని ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

"మరి సున్నమెవరు ఏస్తరు?" అని అడిగాను.

ఆ ఏడు పైభాగం నాయనే వేశాడు. కొన్నాళ్ళకు అక్కడి నుంచి ఫోటో వచ్చింది. ఎర్రమట్టిలో తెల్లటి సమాధి, చుట్టూ యూనిఫారాల్లో ఆడపిల్లలు, మోచేతుల దాకా సున్నం. మా పండుగ గురించి అత్త వాళ్ళకు పాఠంలా చెప్పేదట. సమాధి మీద వెతికి చూసినా ఒక్క మరక లేదు. "ఎంత మంచిగేసిన్రో సూడు బిడ్డా" అని నాయన కళ్ళు తుడుచుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అది నా పని! నాకప్పగించిన పని! అప్పుడు వచ్చింది ఏడుపు. ముఖమైనా సరిగ్గా గుర్తులేని ఆ పిల్లల మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. వాళ్ళు అంత ప్రేమగా వేయకపోయి ఉంటే చల్లారేదేమో.

ఇప్పుడు నాయనా లేడు. అమ్మ సమాధికి నున్నటి రాయి పరిపించాం, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సున్నపు కుండ లేదు, ఈతమట్ట కుంచె లేదు, అడవే పల్చబడి సీతాఫలాల గంపలూ దిగడం లేదు.

"ఏందమ్మా, ఏమన్న పోగొట్టుకున్నవా?" అన్నాడు నిన్న ఆ గోడ దగ్గర మనిషి.

అవ్ అన్నాను. సంచీ కింద పెట్టి, కుంచె అడిగి తీసుకుని, గోడ కింది భాగమంతా మరక లేకుండా వేశాను. పైభాగం మాత్రం ముట్టలేదు.